సిబ్బంది తరుగు పథకం

“ఆ స్టేజీ దరిదాపులకి మాత్రం వెళ్లకే తల్లీ. విరిగి మీద పడితే?”

అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతురి వెనక నిలబడి కనకరత్నం అన్న మాట అది. ఆ స్టేజీని ఆవిడ చూడలేదు. ఎక్కడ కట్టారో, ఎంత ఎత్తున కట్టారో తెలీదు. గోనెసంచుల మండలి వార్షికోత్సవం ఉందనీ, పై అధికారులందరూ వస్తున్నారనీ హైమ మాటవరసకి చెప్పింది, అంతే. కనకరత్నానికి ఆ మాత్రం చాలు. కొబ్బరిచెట్టు చూస్తే ఆవిడకి నెత్తిన పడబోయే కాయ కనిపిస్తుంది. పెళ్లిపందిరి చూస్తే షార్ట్ సర్క్యూట్ కనిపిస్తుంది. ఎవరైనా గట్టిగా నవ్వితే పొలమారుతుందేమోనని మంచినీళ్ల గ్లాసు అందుకుంటుంది.

హైమ నవ్వేసింది. తను జూనియర్ అసిస్టెంటుననీ, అందులోనూ ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నదాన్ననీ, తనని స్టేజీ ఎక్కించే వెర్రివాళ్లు మండలిలో ఎవరూ లేరనీ చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం స్టేజీ విరిగింది.

కనకరత్నం ఇన్నేళ్లుగా భయపడినవాటిలో నిజంగా జరిగింది అదొక్కటే. దాంతో ఆవిడకి తన భయాల మీద మరీ గురి కుదిరింది.

జరిగిందేమిటంటే, జ్యోతి వెలిగించడానికి అధికారులందరూ ఒక్కసారే పైకెక్కారు. ఎవరు ముందు ఎక్కాలో తేలక అలా ఎక్కాల్సి వచ్చింది. జ్యోతి వెలిగింది. స్టేజీ కూలింది. గోనెసంచుల మండలి కాబట్టి కింద గోనె బేళ్లు పేర్చి ఉన్నాయి, పడ్డవాళ్లు వాటి మీదే పడ్డారు. పరువుకి తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడే విచారణ సంఘం వేశారు. ప్రత్యక్ష అనుభవం ఉన్నవాళ్లయితే మంచిదని, పడ్డవాళ్లనే సభ్యులుగా వేశారు. వాళ్లు పడ్డ చోటంతా కొలిచి, విరిగిన దుంగల్ని పరీక్షించి నివేదిక ఇచ్చారు. స్టేజీని నిబంధనల ప్రకారమే కట్టారు. ఎక్కినవాళ్లే నిబంధనల ప్రకారం లేరు.

ఇక్కడ మండలి సంగతి కాస్త చెప్పాలి. తణుకులో ఉన్న ఆ శాఖ ఆఫీసు పని ఏమిటంటే, కోతల కాలంలో రైతులకీ మిల్లులకీ గోనెసంచులు పంపడం, ఖాళీ అయ్యాక వాటిని లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడం. నిండు సంచి ఏ దారిన పోయిందో, మధ్యలో ఎవరు విప్పారో, లోపల ఏముండేదో మండలికి పట్టదు. ఖాళీ సంచి తిరిగొచ్చిందంటే సరుకు చేరాల్సిన చోటికి చేరినట్టే. ఈ ఒక్క సూత్రం మీద మండలి ఇన్నాళ్లూ నిలబడింది. కనకరత్నం భర్త సుబ్బారాయుడు కూడా ఆ సూత్రాన్ని నమ్మి సంచులు లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఒకరోజు గోడౌన్లోనే గుండె పట్టుకుని కూలబడిపోయాడు. కారుణ్య నియామకం కింద ఆయన కుర్చీ కూతురికి వచ్చింది. ఇంటద్దె, పప్పూ ఉప్పూ అన్నీ ఆ కుర్చీ కాళ్ల మీదే నిలబడ్డాయి. ప్రొబేషన్ పూర్తయిందని పైనుంచి ఒక్క సంతకం పడితే కుర్చీ హైమది. పడకపోతే మండలిది. కనకరత్నం ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా ఆ సంతకం గురించే.

సరిగ్గా ఆ సంతకం పడాల్సిన సమయంలోనే ఉత్తర్వు వచ్చింది. సూపరింటెండెంటు కొండలరావు గారు సిబ్బందినందరినీ గోడౌన్లో నిలబెట్టి, కళ్లజోడు సర్దుకుని, చదివారు.

“సిబ్బంది శరీరములయందలి అదనపు నిల్వలను తగ్గించు నిమిత్తము ‘సిబ్బంది తరుగు పథకము’ ప్రవేశపెట్టడమైనది. ప్రతి ఉద్యోగియు నాలుగు కిలోల తరుగు చూపవలెను. ఇందుకుగాను, ముద్రిత పరిమాణము గల తక్షణాహార పొట్లములను మాత్రమే భుజింపవలెను. ఖాళీ పొట్లములను నెలాఖరునకు కార్యాలయమునందు జమ చేయవలెను. ఖాళీ పొట్లము జమ అయినచో భోజనము జరిగినట్లుగా భావించబడును.”

తరుగంటే ధాన్యం వాళ్ల మాట. నిల్వ ఉంచిన బస్తా ఎండి, రాలి, ఎలకలు తిని తగ్గే బరువుని తరుగంటారు. మండలికి బరువు తగ్గడమంటే తెలిసింది అదొక్కటే.

ఇంటి అన్నం ఎందుకు పనికిరాదని టైపిస్టు భీమశంకరం అడిగాడు. ఇంటి అన్నం మీద నికర బరువు ముద్రించి ఉండదనీ, తయారీ తేదీ ఉండదనీ, ఎంత తిన్నాడో తిన్నవాడు చెప్పడమే తప్ప రుజువు ఉండదనీ, రుజువు లేని పదార్థాన్ని మండలి గుర్తించజాలదనీ కొండలరావు గారు వివరించారు. ఇప్పటికే ఈతపుల్లలా ఉన్నవాళ్ల సంగతేమిటని వెనక నుంచి ఎవరో అడిగారు. ఉత్తర్వులో ‘ప్రతి ఉద్యోగియు’ అని ఉందనీ, సన్నం లావు అన్న వివక్ష మండలి పాటించదనీ ఆయన జవాబు. చివరగా హైమ వైపు చూసి, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకి తరుగు రాకపోతే సంతకం రాదని ప్రత్యేకంగా చెప్పారు. హైమ ఏమంత లావు కాదు. కాస్త బొద్దుగా ఉంటుంది. నాలుగు కిలోలు తగ్గితే బావుంటుందని తనే ఎప్పుడైనా అద్దంలో చూసుకుని అనుకునేది కూడా. అందుకని అంతగా బెంగపడలేదు. బెంగపడటానికి ఇంట్లో వేరే మనిషి ఉంది కదా.

నెలకి సరిపడా పొట్లాలు పెద్ద అట్టపెట్టెలో ఆటో మీద ఇంటికొచ్చాయి. పొద్దున కప్పు ఉప్మా, మధ్యాహ్నం కప్పు నూడుల్స్, సాయంత్రం పొట్లం సూపు, రాత్రికి తేలిక కిచిడీ. కప్పు మీద బొమ్మలో బఠాణీలూ క్యారెట్టూ కొత్తిమీరా పొంగి పొర్లుతున్నాయి. లోపల వెతగ్గా వెతగ్గా ఒక బఠాణీ దొరికింది. బొమ్మలో ఉన్నదాని ముత్తాతలా ముడతలు పడి ఉంది.

కనకరత్నం ఏడో తరగతి దాకా చదువుకుంది. కళ్లజోడు పెట్టుకుని కప్పు మీద చీమల్లాంటి అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివింది. ఉప్మా అని తెలిసిన మాట ఒకటి, ఉప్పు అని తెలిసిన మాట ఒకటి దొరికాయి. మధ్యలో ఉన్నవన్నీ మందుల చీటీలో పేర్లలా ఉన్నాయి. హైమ వేడినీళ్లు పోసి మూత పెట్టింది. కాసేపటికి తీసి చూస్తే పిడికెడు నూక కప్పు నిండా అయి కూర్చుంది.

“ఇంత ఉబ్బిందేమిటే ఇది. ఉబ్బడం ఇంకా మిగిలుంటే? కడుపులోకెళ్లాక ఉబ్బితే?”

“అయిదు నిమిషాలు ఆగమని దాని మీదే రాశాడమ్మా.”

“అయిదు నిమిషాలయ్యాక ఆగిపోవాలని దానికెవరు చెప్తారే?”

హైమ తింది. ఆ పూటా తింది, మర్నాడూ తింది. కనకరత్నం ఎదురుగా కూర్చుని కూతురి పొట్ట వంక చూస్తూ ఉండేది. తిన్న గంటకే ఆకలి, ఆకలి వేసిన గంటకి కడుపుమంట. రాత్రంతా దాహం. బిందె నీళ్లు తాగినా తీరని దాహం. అయినా ఒక్క పొట్లం వదల్లేదు. ఖాళీలన్నీ కడిగి, ఆరబెట్టి, దారంతో కట్టలు కట్టి ఆఫీసుకి తీసుకెళ్లింది. గోనెసంచుల్ని జమ చేసుకునే కిటికీ దగ్గరే వాటినీ జమ చేసుకున్నారు. చిరుగులున్నవాటిని పక్కన పెట్టారు.

తరవాత తూకం. మనుషుల్ని తూచే మిషను కొనాలంటే టెండరు పిలవాలి కాబట్టి గోడౌన్లో బేళ్లు తూచే కాటా మీదే ఒక్కొక్కరినీ నిలబెట్టారు. హైమ బరువు పెరిగింది. భీమశంకరం పెరిగాడు. కొండలరావు గారు పెరిగారు. ఈతపుల్లలా ఉన్న అటెండరు కూడా కాస్త ఒళ్లు చేశాడు.

ఇలాంటప్పుడు మామూలు మనుషులైతే పొట్లాల్ని అనుమానిస్తారు. మండలి అలా తొందరపడలేదు. ఖాళీలన్నీ జమ అయ్యాయి కనక పొట్లాల వైపు లోపం లేదు. లోపం సిబ్బందిలోనే ఉండాలి. కొండలరావు గారు తన సర్వీసు అనుభవాన్నంతా రంగరించి ఆలోచించారు. ధాన్యం బస్తా బరువు పెరిగితే అందులో తేమ చేరిందన్నమాట. కాబట్టి సిబ్బందిలో తేమ చేరింది. తేమ పోవాలంటే ఎండబెట్టాలి.

మధ్యాహ్నం పూట సిబ్బందినంతా ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లంలో వరసగా కూర్చోబెట్టారు. ఒకవైపే ఎండకుండా, కాసేపయ్యాక అందరినీ అటు నుంచి ఇటు తిరిగి కూర్చోమనడానికి ఒక మనిషిని పెట్టారు. పిట్టలు వాలకుండా చూడవలెనని కూడా అలవాటు కొద్దీ ఉత్తర్వులో రాసేశారు. గింజలో తేమ చూసే యంత్రం తెచ్చి అరచేతిలో గుచ్చబోతే భీమశంకరం ఒప్పుకోలేదు. తేమ పరీక్షకు సహకరించనందుకు సంజాయిషీ ఇవ్వాలని అతనికి మెమో ఇచ్చారు. అతను ఆ సంజాయిషీని ఎండలోనే కూర్చుని రాశాడు.

ఆ ఎండలోనే హైమ కళ్లు తిరిగి పడిపోయింది.

ఆటోలో కూతుర్ని తీసుకొస్తుంటే వీధి చివరి నుంచే చూసింది కనకరత్నం. తను భయపడినవి జరగడం మొదలైందని ఆవిడకి రూఢి అయిపోయింది. మజ్జిగలో ఉప్పూ నిమ్మకాయా కలిపి తాగించింది. పిల్ల తేరుకుని మొదట అడిగిన మాట, సాయంత్రం సూపు పొట్లం ఇంకా తినలేదు కదా, ఖాళీ ఎలా వస్తుంది అని. కనకరత్నం గుండె తరుక్కుపోయింది. ఇక ఈ పిల్ల ఆ పొట్లాలు ముట్టుకోడానికి వీల్లేదని తీర్మానించేసింది.

తీర్మానించడం తేలికే. పొట్లాల్ని ఏం చెయ్యాలి? విప్పకుండా దాస్తే ఖాళీలు రావు. విప్పి పారేద్దామంటే మండలి వాళ్లు దుర్వినియోగ నిరోధక బృందాల్ని వేశారని, అవి సిబ్బంది ఇళ్ల చుట్టుపక్కల చెత్తబుట్టలు తిరగేస్తున్నాయని హైమే చెప్పింది. పక్క జిల్లాలో ఒక గుమస్తా ఉప్మాని మందారచెట్టు మొదట్లో పోస్తే చెట్టుని సాక్ష్యం కింద తవ్వి పట్టుకుపోయారట. వీధిలో తిరిగే ఆవుకి పెట్టి చూసింది కనకరత్నం. ఆవు నూడుల్స్ వాసన చూసి, తలెత్తి ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ చూపు ఆవిడని చాలా రోజులు పీడించింది.

ఇక మిగిలిన నోరు ఇంట్లో ఒక్కటే.

హైమ ఒప్పుకోలేదు. పొట్లాలు మనుషులు తినేవి కావని, తిని చూశాను కనకే చెప్తున్నానని పోట్లాడింది. కనకరత్నం మాత్రం ఎప్పుడూ లేనంత ధీమాగా, తనకి ఆ కిచిడీ రుచిగానే ఉందనీ, రోజూ పొయ్యి దగ్గర నిలబడే బాధ తప్పిందనీ, సంతకం పడేదాకానే కదా అనీ అంది. అంటూ ఒక కప్పు ఉప్మా కూతురి ఎదురుగానే ఖాళీ చేసి చూపించింది. మింగేటప్పుడు కళ్లు మూసుకోకుండా ఉండటానికి ఆవిడ పడ్డ కష్టం హైమ చూడనట్టు నటించింది.

అలా తల్లి కూతురి తిండి తినడం, కూతురు తల్లి వంతు తినడం మొదలైంది. తల్లి వంతంటే ఏమిటో చెప్పకపోతే తరవాత సంగతి అర్థం కాదు. సుబ్బారాయుడు బతికున్న రోజుల నుంచీ కనకరత్నం అందరి తరవాతే కూర్చునేది. గిన్నె అడుగున మిగిలిన అన్నం, కూరలో ముక్కలు అయిపోయాక మిగిలిన పోపు గింజలు, ఎంత పల్చన చేసినా ఇంకా మజ్జిగే అనిపించుకునే మజ్జిగ. మిగిలినదాన్ని వంతు అనడం మర్యాద కొద్దీ అనడమే. ఇప్పుడు ఒక్కరికే వండాలి కాబట్టి ఆవిడకి పెద్ద సందేహం వచ్చింది. ఎక్కువ పెడితే పిల్ల బరువు తగ్గక ఉద్యోగం పోతుందేమో. తక్కువ పెడితే మళ్లీ కళ్లు తిరిగి పడిపోతుందేమో. ఈ రెండు భయాల మధ్యా తనిన్నేళ్లు బతికిన కొలతే సురక్షితంగా తోచింది. ఆ కొలతలోనే వండింది.

హైమ తగ్గింది. వైద్యులూ పథకాలూ ఇన్నాళ్లూ కనిపెట్టలేని ఆహార నియమం ఆ ఇంట్లో గిన్నె అడుగున ఎప్పటినుంచో ఉందన్నమాట. నెల తిరిగేసరికి కొంత, మరుసటి నెలకి ఇంకొంత, మొత్తానికి నాలుగు కిలోల తరుగూ తేలింది. కాటా ముల్లు చూసి కొండలరావు గారు నమ్మలేక, హైమని దింపి, ఒక బేలు ఎక్కించి చూసి, మళ్లీ హైమని ఎక్కించారు. అదే బరువు.

ఇవతల కనకరత్నం చేతి గాజులు బిగుసుకుపోయాయి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం మానేశాయి. తెల్లారి లేస్తే మొహం అద్దంలో ఎవరిదో అనిపించేది. వీధిలో ఆరెంపీ డాక్టరు బీపీ చూసి, రెండోసారి చూసి, ఉప్పు తగ్గించమన్నాడు. ఆవిడ ఆరోజు నుంచే కూతురికి వండే కూరలో ఉప్పు తగ్గించింది. పొట్లాల్లో ఉప్పు తగ్గించడం ఆవిడ చేతుల్లో లేదు.

మేనేజింగ్ డైరెక్టరు గారిని మినహాయిస్తే, మండలి మొత్తానికి పథకం పనిచేసింది ఒక్క హైమ మీదే. ఒక్కరి మీద పనిచేస్తే పనిచేసినట్టే. హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ల మీద సర్క్యులర్లు వచ్చాయి. తణుకు శాఖలో ఆదర్శ తరుగు నమోదైనందుకు మేనేజింగ్ డైరెక్టరు గారే స్వయంగా వచ్చి శాలువా కప్పుతారనీ, అదే రోజు ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెడతారనీ రాశారు. కొత్త స్టేజీ కట్టారు. తరుగు చూపినవారే స్టేజీ ఎక్కడానికి అర్హులన్న నిబంధన వల్ల మేనేజింగ్ డైరెక్టరు గారు, హైమ తప్ప ఎవరూ ఎక్కకూడదు. మిగతా అధికారులు కింద నిలబడి పైకి చూస్తూ చప్పట్లు కొట్టాలి. ఆదర్శ ఉద్యోగి ఉండగా తగ్గని ఉద్యోగి నిర్లక్ష్యం చేసినట్టే కాబట్టి, మిగతా అందరి ఇంక్రిమెంట్లూ ఆపేయాలని కూడా ఆ సర్క్యులర్ చివర్లో ఉంది. కొండలరావు గారు ఆ చివరి ముక్కని చాలాసార్లు చదువుకున్నారు.

సభకి తల్లిని తీసుకురావాలని చెప్పే మిష మీద ఆయన హైమ ఇంటికి వచ్చారు. సుబ్బారాయుడూ ఆయనా ఒకే టేబుల్ దగ్గర సంచులు లెక్కపెట్టినవాళ్లు. కనకరత్నం గోడ పట్టుకుని నెమ్మదిగా లోపల్నుంచి వచ్చి, కుర్చీ చూపించి, పలకరించింది. ఆయన ఆవిడ మొహం చూశారు, చేతులు చూశారు, పాదాలు చూశారు. తరవాత హైమ వంక చూశారు. తూకాల మీద బతికిన మనిషి కాబట్టి ఆట్టే సేపు పట్టలేదు.

“చెల్లెమ్మా, సుబ్బారాయుడి ఇంట్లో కూర్చుని ఈ మాట అనాల్సి వస్తుందనుకోలేదు,” అన్నారు. “ఇది తరుగు కాదమ్మా. ఈ గోడౌన్లో సరుకు తీసి ఆ గోడౌన్లో పెట్టారు. దీన్ని బదిలీ అంటారు.”

కనకరత్నం వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “ఎవరికీ తెలీదు కదా అన్నయ్యగారూ. ఖాళీలన్నీ ఇచ్చేశాం కదండీ.”

“నాకు తెలిసిందమ్మా. నాకు తెలిశాక ఆఫీసుకి తెలిసినట్టే కదా.”

తన ఇంక్రిమెంటు సంగతి ఆయన ఎత్తలేదు. నిబంధన సంగతే చెప్పారు. అనుమతి లేని మార్గంలో వచ్చిన తరుగుని అక్రమ తరుగు అంటారట. అది చెల్లదు. హైమ ఆ నాలుగు కిలోలూ తిరిగి పెరిగి, వాటిని మళ్లీ పొట్లాల ద్వారానే తగ్గాలి. ఈలోగా ప్రొబేషన్ గడువు దాటిపోతుంది కాబట్టి కుర్చీ ఖాళీ చెయ్యాలి. ఇదంతా చెప్పి, ఇచ్చిన కాఫీ పూర్తిగా తాగి, చక్కెర సరిపోయిందని కూడా చెప్పి వెళ్లారు. ఆయన గేటు దాటాక హైమ, పోనీలే అమ్మా, ఏదైనా బట్టల షాపులో చూసుకుంటానంది. కనకరత్నం లోపలికెళ్లి, ఆ పూట కిచిడీకి నీళ్లు పెట్టింది. సంతకం ఇంకా పడనూ లేదు, పోనూ లేదు. ఖాళీ మాత్రం కావాలి.

సభ రోజు మైకు సరిచేసేవాళ్లు బయట ఒకటి రెండు మూడు అంటున్నారు. లోపల ఆఫీసు గదిలో మేనేజింగ్ డైరెక్టరు విభాకర్ గారు కూర్చున్నారు. చిన్న వయసు. టేబుల్ మీద ఒకపక్క మడత విప్పని శాలువా, ఇంకోపక్క హైమ ప్రొబేషన్ కాగితం, దాని మీద కొండలరావు గారు రాసిన నివేదిక. ఆ మూడింటినీ ఆయన కాసేపు మార్చి మార్చి చూశారు. ఎదురుగా హైమ నిలబడింది. పక్కన కనకరత్నం. టేబుల్ వారగా కొండలరావు గారు. కుర్చీ ఉంది గానీ ఎవరూ కూర్చోమనలేదు. చెప్పుల్లో పాదాలు పట్టక ఆవిడ ఉత్త కాళ్లతోనే వచ్చింది.

విభాకర్ గారు మాట్లాడారు. వ్యక్తిగతంగా తనకి సానుభూతి ఉందన్నారు. అయితే వ్యక్తి వేరు, వ్యవస్థ వేరన్నారు. పారదర్శకత, జవాబుదారీతనం అనే మాటలు రెండుసార్లు అన్నారు. వ్యవస్థ ఖాళీ పొట్లాన్ని నమ్ముకుని నడుస్తోందనీ, ఆ నమ్మకానికి వీళ్ల ఇంట్లో భంగం కలిగిందనీ అన్నారు. హైమ ఏదో చెప్పబోయింది. కనకరత్నం కూతురి చెయ్యి పట్టుకుని ఆపి తనే ముందుకొచ్చింది.

“నేనే తిన్నానండి బాబూ. ఒక్కటి కూడా పారెయ్యలేదండి. అన్నీ తిన్నానండి. పిల్ల వద్దంటూనే ఉందండి.”

“తిన్నారు సరే,” అన్నారాయన. “ఎవరి నోటితో తిన్నారన్నదే ఇక్కడ ప్రశ్న.”

కొండలరావు గారు ఆ వాక్యం బావుందన్నట్టు తల పంకించారు.

విభాకర్ గారు ప్రొబేషన్ కాగితం ముందుకి లాక్కున్నారు. పెన్ను మూత తీశారు. ‘తిరస్కరించడమైనది’ అన్న మాట ఎలా ఉంటుందో, అది రాయడానికి ఎంతసేపు పడుతుందో కనకరత్నానికి తెలీదు గానీ, కుర్చీ పోతోందని తెలిసింది. ఏడవాలని ఉంది, ఏడిస్తే ఆయనకి కోపమొస్తుందేమోనని భయం. కాళ్ల మీద పడాలని ఉంది, పడితే వంగి లేవలేనేమోనని భయం. ఏం చెయ్యాలో తోచక ఆవిడ ఆయన చేతి వంక చూస్తూ నిలబడింది. అప్పుడు కనిపించింది, వాచీ మణికట్టు మీద వదులుగా జారుతోంది. చొక్కా మెడ దగ్గర ఇద్దరు మనుషులకి చోటుంది. బెల్టుకి కొత్తగా పొడిచిన కన్నం ఉంది. ఎవరి పిల్లాడో, ఇంతలా చిక్కిపోయాడు. ఆవిడకి అలవాటైన భయం అలవాటైన దారిన వచ్చేసింది. కూతురి కుర్చీ గురించిన పెద్ద భయాన్ని పక్కకి తోసి మరీ వచ్చింది.

“బాబూ, మీరూ ఈ పొట్లాలే తింటున్నారా?” అంది. “వంట్లో ఏమీ తేడా చెయ్యలేదు కదా?”

ఆయన బదులు కొండలరావు గారే అందుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద ప్రతి నెలా అందరికంటే ముందు ఖాళీలు జమ చేసేది మేనేజింగ్ డైరెక్టరు గారేననీ, ఒక్క చిరుగు కూడా ఉండదనీ, శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, వరసగా పేర్చి, చక్కగా దారం కట్టి వస్తాయనీ, హెడ్డాఫీసుకి వెళ్లినప్పుడు కళ్లారా చూశాననీ, అంత ఓపిగ్గా కట్టిన కట్టలు తన సర్వీసులో చూడలేదనీ చెప్పారు.

విభాకర్ గారి పెన్ను కాగితానికి కాస్త పైన ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. బయట మైకులో ఒకటి రెండు మూడు అయిపోయి మళ్లీ ఒకటికి వచ్చింది. ఆయన తలెత్తి కనకరత్నం మొహం చూశారు. ఆ చూపు అక్కణ్ణుంచి దిగి, బిగిసిన గాజుల దగ్గర ఆగి, ఉత్త పాదాల దగ్గరకి వచ్చింది. చర్మం లాగినట్టు మెరుస్తూ, వేళ్ల మధ్య సందు లేకుండా వాచిన పాదాలు. వాటిని ఆయన చాలాసేపు చూశారు. ఇంతకు ముందు ఎక్కడో చూసినట్టు చూశారు. కొండలరావు గారు రెండుసార్లు దగ్గారు. ఆయన వినలేదు.

తరవాత తల వంచి కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. టేబుల్‌కి అవతల నిలబడ్డ హైమ ఆ అక్షరాల్ని తలకిందులుగానే చదువుకుంది. ‘ఆమోదించడమైనది.’ కింద సంతకం. కింద తేదీ. కొండలరావు గారి నివేదికని నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులో వేసుకున్నారు. పెన్నుకి మూత పెట్టారు. పెట్టిన మూతని మళ్లీ ఒకసారి నొక్కారు. అయిపోయింది, వెళ్లిపోవచ్చు. అయినా కనకరత్నం కదల్లేదు. సంతకం సంగతి ఆవిడకి ఇంకా తెలీదు. అడిగినదానికి జవాబు రాలేదు, ఈ అబ్బాయికి వంట్లో నిజంగానే ఏదో తేడా చేసిందేమోనని అలాగే చూస్తూ నిలబడి ఉంది.

విభాకర్ గారు తలెత్తలేదు.

“నేను కాదండి,” అన్నారు. “మా అమ్మ.”